పాత రేసు కారు, కొత్త రేసు కారు: నడపడానికి ఏది కష్టం?

ఈనాటి రేసు కార్లను కంప్యూటర్లే నడుపుతున్నాయనీ, అసలైన డ్రైవర్లు పాతకాలంలోనే ఉండేవారనీ ఒక వాదన తరచుగా వినిపిస్తుంది. ఈనాటి వేగాల ముందు పాత కారు నడపడం ఒక లెక్కలోనిది కాదని దానికి ఎదురు వాదన. ఈ రెండింటిలో ఏది నిజం, నేటి డ్రైవరును 1950ల నాటి కారులోనూ ఆనాటి డ్రైవరును నేటి కారులోనూ కూర్చోబెడితే ఎవరు ముందుగా అలవాటు పడతారు అన్నది ఇక్కడి ప్రశ్న. చారిత్రక కార్ల పందేలలో చాలాకాలం పాల్గొని, తర్వాత రెండు రకాల కార్లలోనూ కొత్తవారికి శిక్షణ ఇచ్చినవాడిగా నా అభిప్రాయం చెబుతాను. పాత కారులో కష్టమంతా మొదట్లోనే ఎదురవుతుంది. దాన్ని ట్రాక్ చుట్టూ ఒక్కసారి సక్రమంగా తిప్పుకొని రావడమే పెద్ద పని. కొత్త కారులో కష్టం చివర ఉంటుంది. అందరూ చేరగలిగిన వేగానికీ, ఆ కారు నిజంగా చేరగలిగిన వేగానికీ మధ్యనున్న ఆ కొద్దిపాటి దూరాన్ని దాటడమే అక్కడ అసలు పని.

ముందుగా పాత కారు కాక్‌పిట్‌లో కాళ్ల దగ్గర ఏముందో చూద్దాం, ఎందుకంటే కొత్తవారు తడబడేది అక్కడే. 1930ల నుంచి 1950ల దాకా వచ్చిన అనేక గ్రాండ్ ప్రి (అత్యున్నత స్థాయి అంతర్జాతీయ పందేల) కార్లలో యాక్సిలరేటరు మధ్యలోనూ, బ్రేకు కుడి చివరనూ ఉండేవి. మసెరాటి 250ఎఫ్ కార్లలో చాలావాటికి ఇదే అమరిక. మామూలుగా వెళ్తున్నంతసేపు ఈ తేడాకు మనిషి త్వరగానే అలవాటు పడతాడు. కానీ వెనక చక్రాలు జారిన క్షణంలో ఆలోచన కంటే ముందు కాలు కదులుతుంది. ఏళ్ల తరబడి బ్రేకు మధ్యలో ఉంటుందని నేర్చుకున్న కాలు ఆ క్షణంలో మధ్య పెడల్‌నే బలంగా తొక్కుతుంది, దాంతో ఆగవలసిన కారు ముందుకు దూకుతుంది. అందుకే ఇలాంటి కారులో శిక్షణ ఇచ్చేటప్పుడు ఇంజిను ఆపి ఉంచి, కారు నిలబడి ఉండగానే, చాలాసేపు కాళ్లతో సాధన చేయిస్తాను.

ఆ తర్వాత గేరు. ఆ కాలపు గేర్‌బాక్సుల్లో చాలావాటికి, గేరు పళ్ల వేగాలను దానంతట అదే కలిపే సింక్రోమెష్ ఉండేది కాదు. కింది గేరుకు రావాలంటే క్లచ్ తొక్కి, గేరును న్యూట్రల్‌లోకి తెచ్చి, క్లచ్ వదిలి, యాక్సిలరేటరును ఒక్కసారి తొక్కి ఇంజిను వేగాన్ని పెంచి, మళ్లీ క్లచ్ తొక్కి, అప్పుడు కింది గేరు వేయాలి. ఇదంతా మలుపుకు ముందు బ్రేకు వేస్తూనే జరగాలి కాబట్టి ఒకే కుడి పాదం బ్రేకును సమానమైన ఒత్తిడితో పట్టి ఉంచుతూ, మరో అంచుతో యాక్సిలరేటరును తాకాలి. ఎడమ చేయి ఒంటరిగా స్టీరింగును పట్టుకొని ఉంటుంది, ఆ స్టీరింగు ట్రాక్ మీది ప్రతి ఎగుడుదిగుడుకూ గుంజుతూనే ఉంటుంది. ఇంజిను వేగాన్ని కొంచెం తక్కువ అంచనా వేస్తే పళ్లు గరగరలాడి గేరు పడదు. పొరపాటున రెండు గేర్లు కిందికి వేస్తే ఇంజిను తన హద్దు దాటి తిరిగి, కవాటాలు వంగిపోయి, ఆ రోజు పందెం అక్కడితో ముగుస్తుంది. 1934లో వచ్చిన ఈఆర్ఏ అనే బ్రిటిష్ రేసు కార్లలో గేరును ముందే ఎంచుకొని పెట్టుకోగల ప్రీసెలెక్టర్ పద్ధతి ఉండటం వల్ల ఈ బాధ కొంత తక్కువ. ఆ కార్లు నేటికీ చారిత్రక పందేలలో అంత చురుగ్గా పరుగెత్తడానికి అదీ ఒక కారణమని నేను అనుకుంటాను.

ఈ విషయంలో కొత్త కారుతో పోటీయే లేదు. 1989లో ఫెరారీ 640 స్టీరింగు వెనక మీటలతో గేరు మార్చే పద్ధతిని ఫార్ములా వన్‌లోకి తెచ్చి, బ్రెజిల్‌లో తన మొదటి పందెంలోనే నైజెల్ మాన్సెల్ చేతిలో గెలిచింది. అప్పటి నుంచి డ్రైవరు చేతులు స్టీరింగును వదలనక్కర లేకుండా పోయింది. నేటి గేర్‌బాక్సు ఇంజినుకు హాని కలిగించే గేరును అడిగినా వేయదు. పాత కారులో డ్రైవరు దృష్టిలో పెద్ద భాగాన్ని మింగేసే పని కొత్త కారులో వేలి కదలికగా మారిందన్నది నిజమే. కంప్యూటర్లే నడుపుతున్నాయనేవారి వాదనలో సత్యం ఇంతవరకే ఉంది.

బ్రేకుల సంగతి క్లుప్తంగా చెబుతాను. డ్రమ్ బ్రేకులు వేడెక్కిన కొద్దీ పట్టు కోల్పోతాయి. పైగా నాలుగు చక్రాలకూ సమానంగా కోల్పోవు కాబట్టి, గట్టిగా తొక్కినప్పుడు కారు ఒక పక్కకు లాగుతుంది, అది ఏ పక్కకో ప్రతిసారీ ముందే తెలియదు. 1953లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల పందెంలో డిస్క్ బ్రేకులతో జాగ్వార్ గెలిచాక ఈ సమస్యకు దారి దొరికింది గానీ, అంతకుముందు తరం కారులో పందెం మొదట్లో పనికొచ్చిన బ్రేకింగ్ గురుతు (బ్రేకు ఎక్కడ మొదలుపెట్టాలో చూపే చోటు) పందెం చివర పనికిరాదు. డ్రైవరు ప్రతి ల్యాపులోనూ, అంటే ట్రాక్ చుట్టూ తిరిగే ప్రతి చుట్టులోనూ, ఆ గురుతును కొద్దికొద్దిగా వెనక్కి జరుపుకుంటూ పోవాలి.

ఇంతవరకు చెప్పినది విన్నవారికి పాత కారే కష్టమని తేలిపోయినట్టు అనిపించవచ్చు. కానీ టైర్ల దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. పాత కారు సన్నని క్రాస్‌ప్లై (లోపలి దారాలు ఏటవాలుగా ఒకదాని మీదొకటి పరచిన) టైర్ల పట్టు తక్కువ, అయితే ఆ పట్టు ఒక్కసారిగా తెగిపోదు. కారు ముఖం ఒకవైపు, ప్రయాణం మరొకవైపు ఉన్నట్టు కంటికి కనిపించేంతగా పక్కకు జారుతున్నా ఆ టైరు ఇంకా పని చేస్తూనే ఉంటుంది. నాలుగు చక్రాలనూ ఒకేసారి జార్చుతూ, స్టీరింగుతో కాక యాక్సిలరేటరుతో కారు దారిని దిద్దుకుంటూ మలుపు తిరిగే ఆనాటి పద్ధతి పుట్టింది అందుకే. హద్దు తక్కువ వేగంలోనే వస్తుంది, చాలా ముందుగా హెచ్చరిస్తుంది, దాటిన తర్వాత కూడా వెనక్కి రావడానికి కొంత సమయం ఇస్తుంది. సీటు ద్వారా, స్టీరింగు ద్వారా, వంగే ఛాసీ (కారు చట్రం) ద్వారా కారు తన స్థితిని డ్రైవరుకు చెబుతూనే ఉంటుంది. వినడం నేర్చుకున్నవాడికి అంత స్నేహంగా ఉండే రేసు కారు నేటి కాలంలో దొరకదు.

ఆ వెసులుబాటు ఎంత పెద్దదో చూపడానికి 1957 జర్మన్ గ్రాండ్ ప్రి చాలు. సుమారు 22.8 కిలోమీటర్ల పొడవున్న నూర్‌బర్గ్‌రింగ్‌లో అర్జెంటీనా డ్రైవరు హువాన్ మాన్యుయెల్ ఫాంజియో మసెరాటి 250ఎఫ్‌తో అర్హత పరీక్షలో (పందెం మొదలయ్యే స్థానాలను తేల్చే పరుగులో) చేసిన ఉత్తమ సమయం 9 నిమిషాల 25.6 సెకన్లు. పందెంలో, కారును ఆపి సరిచేసే పిట్‌లో జరిగిన ఆలస్యం వల్ల వెనకబడి, ఫెరారీలలో ముందున్న మైక్ హాథార్న్‌ను, పీటర్ కాలిన్స్‌ను అందుకోవడానికి వెంటాడుతూ ఆయన అదే ట్రాక్‌ను 9 నిమిషాల 17.4 సెకన్లలో చుట్టివచ్చారు. అంటే ముందు వరుసలో మొదటి స్థానం తెచ్చిపెట్టిన తన సొంత సమయం మీద 8 సెకన్లకు పైగా తగ్గించారు. ట్రాక్ చాలా పొడవైనదన్న మాట నిజమే. అయినా, అప్పటికే ప్రపంచంలో అందరికంటే బాగా నడుపుతున్న మనిషికి ఇంకా అంత చోటు మిగిలి ఉండటం ఆ రకం కారులోనే సాధ్యం. నేటి కారులో ఇటువంటి డ్రైవరుకు సెకనులో పదో వంతు దొరికితే అదే పెద్ద సంగతి. 1997లో స్పెయిన్‌లోని హెరెజ్‌లో విల్నువ్, షూమాకర్, ఫ్రెంట్‌జెన్ ముగ్గురూ అర్హత పరీక్షలో సరిగ్గా ఒకే సమయం, 1 నిమిషం 21.072 సెకన్లు, నమోదు చేశారు. వేయో వంతు సెకను దాకా తేడా లేదు. కారు ఇవ్వగలిగినదంతా అందరూ పిండేస్తున్న చోట కష్టం వేరే రూపంలో ఉంటుంది.

పాత కార్లన్నీ స్నేహపూర్వకమైనవని మాత్రం అనుకోకూడదు. 1936-37 నాటి ఆటో యూనియన్ సి రకం కారులో 6 లీటర్ల 16 సిలిండర్ల ఇంజిను డ్రైవరు వెనక ఉండేది, సుమారు 520 అశ్వశక్తి సన్నని వెనక టైర్లకు అందేది, వెనక సస్పెన్షన్ స్వింగ్ యాక్సిల్ పద్ధతిలో (చక్రం ఇరుసుతో పాటే ఊగేలా) ఉండటం వల్ల జారుడు మొదలైతే చక్రాల వాలు మారిపోయి అది మరింత ముదిరేది. డ్రైవరు దాదాపు ముందు చక్రాల దగ్గర కూర్చోవడం వల్ల వెనక భాగం జారుతున్న సంగతి అతనికి ఆలస్యంగా తెలిసేది. దాన్ని అందరికంటే బాగా లొంగదీసిన బెర్న్‌డ్ రోజ్‌మేయర్ మోటార్ సైకిల్ పందేల నుంచి నేరుగా ఆటో యూనియన్ కార్లలోకి వచ్చినవాడు. ముందు ఇంజిను కార్ల అలవాట్లేవీ ఆయనకు లేకపోవడమే మేలు చేసిందని చాలామంది అంటారు, నాకూ అది సబబుగానే తోస్తుంది. 1937 నాటి మెర్సిడెస్ డబ్ల్యూ125 సైతం 600కు దగ్గరగా అశ్వశక్తి ఉన్న కారు. గంటకు 200 కిలోమీటర్లు దాటిన తర్వాత కూడా యాక్సిలరేటరును మోటుగా తొక్కితే వెనక చక్రాలు తిరిగిపోయేవి.

ఇప్పుడు కొత్త కారు. మొదట ఒక అపోహ తొలగించాలి. చక్రాలు జారకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్‌నూ, బ్రేకులు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌నూ ఫార్ములా వన్ 1994లో నిషేధించింది. ట్రాక్షన్ కంట్రోల్ 2001లో తిరిగి వచ్చి, 2008 నుంచి అందరికీ ఒకే ఎలక్ట్రానిక్ నియంత్రణ యూనిట్ ఇవ్వడంతో మళ్లీ పోయింది. సుమారు 1000 అశ్వశక్తిని వెనక చక్రాలకు పంచేది నేటికీ డ్రైవరు కుడి పాదమే. సహాయక వ్యవస్థలు నిజంగా ఉన్నది జీటీ3 (రోడ్డు స్పోర్ట్స్ కార్ల ఆధారంగా తయారైన రేసు కార్లు) వంటి తరగతుల్లో. 2006లో పోటీలు మొదలైన ఆ తరగతిలో వృత్తి డ్రైవర్లతో పాటు అభిరుచి కొద్దీ నడిపేవారూ పాల్గొంటారు కాబట్టి ట్రాక్షన్ కంట్రోల్, ఏబీఎస్ రెండింటినీ అనుమతిస్తారు. ఆధునిక కారు సులువు అని ఎవరైనా సొంత అనుభవంతో చెబితే, వారు నడిపినది సాధారణంగా ఇటువంటి కారే అయి ఉంటుంది.

ఫార్ములా కారులో అసలు చిక్కు డౌన్‌ఫోర్స్‌తో వస్తుంది. గాలి కారును కిందికి అదిమే ఈ బలం వేగపు వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 200 కిలోమీటర్ల దగ్గర అది కారు సొంత బరువుతో పోల్చదగినంత అవుతుంది. దీని పర్యవసానం మనిషి సహజ బుద్ధికి పూర్తిగా విరుద్ధం. భయం వేసి వేగం తగ్గిస్తే పట్టు పెరగదు, తగ్గుతుంది. వేగమైన మలుపులో గంటకు 240 కిలోమీటర్లతో వెళ్తే కారును కిందికి అదిమినంత గాలి ఒత్తిడి, 200తో వెళ్తే ఉండదు. దానికి తోడు, నెమ్మదిగా నడిపితే టైర్లు, కార్బన్ బ్రేకులు రెండూ చల్లబడతాయి. కార్బన్ బ్రేకు కొన్ని వందల డిగ్రీల వేడి దగ్గర గానీ సరిగా పట్టదు, గాట్లు లేని నున్నని స్లిక్ టైరూ వేడెక్కితే గానీ అంటుకోదు. కొత్తవాడు జాగ్రత్తగా మొదలుపెడతాడు, జాగ్రత్త వల్ల కారు చల్లబడుతుంది, చల్లబడిన కారు జారుతుంది, జారడం వల్ల అతను ఇంకా జాగ్రత్త పడతాడు. ఈ వలయం నుంచి బయటపడాలంటే తనకు ఇంకా కుదరని నమ్మకాన్ని ముందుగానే పెట్టుబడిగా పెట్టాలి. పాత కారులో నమ్మకం మెల్లగా సంపాదించుకోవచ్చు. ఈ కారులో ఆ సౌకర్యం లేదు, నా అనుభవంలో ఎక్కువమంది ఆగిపోయేదీ ఇక్కడే.

బ్రేకు వేయడం దీనికి మరో నిదర్శనం. నేరుగా వెళ్లే మార్గం చివర యాక్సిలరేటరు వదిలితే చాలు, గాలి నిరోధం వల్లనే సుమారు 1 జి (భూమి ఆకర్షణ అంతటి) మందగమనం వస్తుంది. మామూలు రోడ్డు కారు అత్యవసరంగా ఆగడం అంతటిది. ఆ వెంటనే ఎడమ కాలితో 100 కిలోలకు పైబడిన బలంతో పెడల్ తొక్కాలి, అప్పుడు మందగమనం 5 జి దాకా చేరుతుంది. కానీ వేగం పడిపోతున్న కొద్దీ డౌన్‌ఫోర్స్ కూడా పడిపోతుంది కాబట్టి, మొదటి క్షణంలో సరిపోయిన ఒత్తిడి తర్వాతి క్షణంలో చక్రాన్ని బిగించేస్తుంది. గాలి ఒత్తిడి తగ్గే తీరుకు సరిగ్గా సరిపడేలా కాలిని సడలిస్తూ, అదే సమయంలో మలుపులోకి తిరగడం మొదలుపెట్టాలి. ఇదంతా ముగియడానికి పట్టేది రెండు సెకన్ల లోపే. పాత డ్రమ్ బ్రేకు మీద ఏళ్ల అనుభవం ఉన్నవారు ఇక్కడ అందరూ ఒకే రకంగా ఇబ్బంది పడతారు. చాలా ముందుగా, చాలా మెత్తగా మొదలుపెట్టి, చివరలో బలం పెంచుతారు. కావలసినది దానికి సరిగ్గా వ్యతిరేకం.

హద్దు దాటితే దొరికే సమయమూ తక్కువే. గట్టి సస్పెన్షన్, వెడల్పాటి రేడియల్ స్లిక్ టైర్లు ఉన్న కారు పట్టు కోల్పోయే ముందు ఇచ్చే సూచన చాలా చిన్నది. కారు వంకరగా తిరిగితే దాని మీది గాలి ప్రవాహం కూడా చెదిరి డౌన్‌ఫోర్స్ ఇంకా తగ్గుతుంది. అందుకే పాత కారులో ఆటలా కనిపించే జారుడు కొత్త కారులో దిద్దుకోవలసిన తప్పు మాత్రమే, దాన్ని చూసేవారికి కనబడక ముందే దిద్దేయాలి. టీవీలో నేటి కారు పట్టాల మీద వెళ్తున్నట్టు కనిపించడానికి కారణం ఇదే. ఆన్‌బోర్డు కెమెరాలో చేతులను మాత్రమే గమనించి చూస్తే, స్టీరింగు మీద క్షణానికొక చిన్న సవరణ కనిపిస్తుంది.

శరీరానికి కలిగే శ్రమలో రెండు కాలాలనూ పోల్చడం అనుకున్నంత తేలిక కాదు. 1950ల పందేలు సుమారు 500 కిలోమీటర్లు, మూడు గంటలు సాగేవి. పైన చెప్పిన నూర్‌బర్గ్‌రింగ్ పందెం మూడున్నర గంటలు పట్టింది. నేటి పందెం సుమారు 305 కిలోమీటర్లు, పరుగుకు రెండు గంటల పరిమితి. 1955 జనవరిలో బ్యూనస్ ఐరిస్‌లో ఎండ తీవ్రతకు డ్రైవర్లు ఒకరి తర్వాత ఒకరు కారు దిగిపోయి మరొకరికి అప్పగించగా, మొదటి నుంచి చివరి దాకా ఒంటరిగా నడిపినవారు ఫాంజియో, రాబర్టో మియెరెస్ ఇద్దరే. 2023 ఖతార్‌లో వేడికి ఎస్తెబాన్ ఒకాన్ హెల్మెట్‌లోనే వాంతి చేసుకున్నాడు, లోగన్ సార్జెంట్ పందెం మధ్యలో విరమించుకున్నాడు. వేడి రెండు కాలాలలోనూ శత్రువే. తేడా మెడ దగ్గర వస్తుంది. తలా హెల్మెట్టూ కలిపి 6 లేదా 7 కిలోలు ఉంటే, 5 జి మలుపులో మెడ మీద పడే బరువు 30 కిలోలు దాటుతుంది, అదీ ల్యాపుకు అనేకసార్లు. పాత కారు భుజాలనూ ముంజేతులనూ నెమ్మదిగా అలసింపజేస్తుంది. అందుకే ఫాంజియో 46 ఏళ్ల వయసులో ప్రపంచ విజేత కాగలిగారు, 1951 ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి విజయంలో ఆయనతో కారు పంచుకున్న లుయిజి ఫాజియోలికి 53 ఏళ్లు. పవర్ స్టీరింగ్ ఫార్ములా వన్‌లో ఉంది కానీ అమెరికాలోని ఇండీకార్ పందేలలో లేదు. చేతుల బలం మాటకొస్తే నేటి కార్లలో ఇండీకారే ఎక్కువ కఠినం.

ప్రమాదాన్ని నేను ఈ పోలికలో కలపలేదు, అది కష్టం కంటే వేరైన విషయం. 1966లో బెల్జియంలోని స్పా ట్రాక్‌లో డ్రైవరు జాకీ స్టీవర్ట్ ఇంధనం కారుతున్న కారులో చిక్కుకుపోయి చాలాసేపు బయటపడలేకపోయాడు. ఫార్ములా వన్‌లో సీటు బెల్టులు తప్పనిసరి అయింది 1972లో. ఆనాటి డ్రైవరు హద్దుకు కొంత ఇవతలే ఉండేవాడంటే అది నైపుణ్యం లేక కాదు. హద్దును వెతికే క్రమంలో నేటి డ్రైవరు చేయగలిగినన్ని తప్పులు అతను చేసి బతికే వీలు లేదు.

అన్ని కాలాలలోనూ ఒకే ఒక కారును అత్యంత కష్టమైనదిగా ఎంచమంటే నేను ఈ రెండు చివరలనూ వదిలి 1980ల మధ్యనాటి టర్బో (ఎగ్జాస్ట్ వాయువుతో తిరుగుతూ ఇంజినులోకి అదనపు గాలిని నెట్టే పరికరం ఉన్న) కార్లను ఎంచుతాను. 1986లో బీఎండబ్ల్యూ ఒకటిన్నర లీటరు, నాలుగు సిలిండర్ల ఇంజిను అర్హత పరీక్షల్లో 1000 అశ్వశక్తిని మించింది. టర్బో వేగం అందుకోవడానికి పట్టే ఆలస్యం వల్ల ఆ శక్తి అడిగినప్పుడు రాదు. మలుపు మధ్యలో ఉండగానే, కారు ఇంకా తిన్నగా కాకముందే యాక్సిలరేటరు తొక్కి, శక్తి వచ్చే క్షణానికి కారు ముఖం సరైన దిక్కున ఉండేలా లెక్క వేసుకోవాలి. గేరు చేత్తోనే, క్లచ్ కాలితోనే, స్టీరింగుకు సహాయమేమీ లేదు. పాత కారు పనిభారం, కొత్త కారు వేగం రెండూ ఒకేచోట చేరి, వాటి సౌకర్యాలు మాత్రం రెండింటిలో ఏదీ అందని తరం అది.

ఇక అటూ ఇటూ మార్చితే ఎవరు ముందు అలవాటు పడతారన్న ప్రశ్న. నేటి డ్రైవరు పాత కారులోకి వస్తే అతనికి కావలసిన ముఖ్యమైన వస్తువు, అంటే కారు కింద ఏం జరుగుతోందో పసిగట్టే చురుకుదనం, అప్పటికే అతని దగ్గర అవసరానికి మించి ఉంటుంది. గేరు, పెడళ్లు, బ్రేకుల మీద అనుమానం నేర్చుకుంటే సరిపోతుంది. ఆ అనుమానం అవసరమే. 2022లో మొనాకో చారిత్రక కార్ల కార్యక్రమంలో ఫార్ములా వన్ డ్రైవరు షార్ల్ లక్లెర్ నడుపుతున్న 1974 నాటి ఫెరారీకి బ్రేకులు విఫలమై రస్కాస్ మలుపులో గోడను తాకింది. మెరుగైన డ్రైవరుకు ఈ మార్పు కొద్ది రోజుల పని అని నా అంచనా. ఆనాటి డ్రైవరు నేటి కారులోకి రావడానికి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది, దానికి కారణం ప్రతిభ కాదు. ఫాంజియో, జిమ్ క్లార్క్ వంటివారి స్పర్శ, అంచనా ఏ కారులోనైనా పనికొస్తాయి. వారు బ్రేకింగ్ క్రమాన్ని తలకిందులు చేసుకోవాలి, డౌన్‌ఫోర్స్‌ను కళ్లు మూసుకొని నమ్మడం నేర్చుకోవాలి, రేడియోలో ఇంజినీరు మాటలు వింటూ బ్యాటరీ శక్తినీ, ముందు వెనక చక్రాల మధ్య బ్రేకు సమతుల్యాన్నీ మలుపు మలుపుకూ సర్దుకోవాలి. ఇవన్నీ కొన్ని వారాల సిమ్యులేటర్ సాధనతో వస్తాయి. మెడ కండరాలు మాత్రం నెలల వ్యాయామంతో గానీ సిద్ధం కావు, అవి సిద్ధమయ్యేదాకా ఎంతటి డ్రైవరైనా కొన్ని ల్యాపుల తర్వాత తల నిలపలేక పిట్‌లోకి రావలసిందే.